ఇంజన్ ఆపి దాటేచోట

అక్కకి,

నమస్కారం. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది, ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు, తిట్టుకో. ఫోన్ చేస్తే "బావున్నా" అని పెట్టేస్తానని నువ్వే కదా రాయమన్నావు. అందుకే కొట్లో గల్లా దగ్గర కూచుని ఫోన్లోనే టకటకా కొట్టేస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకో. మధ్యలో ఎవరైనా ఎర కోసం వస్తే లేస్తా, మళ్ళీ వచ్చి కూచుంటా. మాట ఎక్కడైనా తెగినట్టుంటే అందుకే.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ఇప్పుడు నేనూ, పిల్లీ. అక్కడ మీ జేజు దీవిలో నువ్వూ బావా కులాసాగానే ఉండుంటారు. నారింజ కోతలు మొదలై ఉంటాయిగా, నడుం జాగ్రత్త. నిచ్చెన ఎక్కే పని బావకి వదిలెయ్యి, ఊరికే కబుర్లు చెప్తూ తిరుగుతాడు.

నువ్వడిగినవి వరసగా చెప్తా. తింటున్నానా అంటే తింటున్నా. చెరువులో గాలం వేసేవాళ్ళ గుడిసెలకి పంపే కూర ఎలాగూ వండాలి, అందులోంచే ఒక గిన్నె తీసుకుని నిలబడి తినేస్తున్నా. పిల్లి వానపాముల పెట్టె మీద పడుకుంటోంది, అక్కడ వెచ్చగా ఉండదు, ఎందుకో మరి. బోటు అమ్మలేదు. కొట్టూ అమ్మలేదు. చెరువులో తేలే గుడిసెలన్నీ ఉన్నాయి, శని ఆదివారాలు ఒక్కటీ ఖాళీ ఉండటంలేదు.

ఏడ్చావా అని అడిగావు. లేదక్కా. మా ఆయన పోయినప్పుడు చావింట్లో మా ఆడపడుచులు అనుకున్నవి నాకూ వినపడ్డాయి, నువ్వు వాళ్ళతో పోట్లాడక్కర్లేదు. చెయ్యి మీద తల పెట్టుకుని నిద్రపోయి లేస్తే తిమ్మిరెక్కుతుంది చూడు, గిల్లినా మన చెయ్యి కాదనిపిస్తుంది. ఒళ్ళంతా అలా ఉంది. పని మాత్రం చేస్తోంది. మొన్న కూరలో కారం రెండుసార్లు వేశా, ఒక్కరూ అడగలేదు, పాపం తినేశారు.

అసలు నీకు రాయలేకపోయింది తేగున్ వల్ల. గుర్తుపట్టావా? మీ మరిది పోయినరోజు గుమ్మం బయట చెప్పుల దగ్గర కూచుని, ఎంత పిలిచినా లోపలికి రాలేదు చూడు, పొడుగాటి మనిషి, అతను. అవతలి గట్టున స్పీడు బోటు నడుపుతాడు. జనాన్ని తాడు కట్టి నీళ్ళమీద లాగుతుంటాడు. ఇద్దరు పిల్లల తండ్రి. పెద్దకర్మ అయిన దగ్గర్నించీ రోజూ కొట్టుకొస్తున్నాడు. ఏమీ కొనడు. గాలాల డబ్బా తెరిచి చూసి మూసేస్తాడు, తర్వాత అడుగుతాడు.

"పిన్నీ, ఆరోజు నేను కేకేసుంటే బాబాయి బతికేవాడా?"

"చాలా పనుంది బాబూ, తర్వాత మాట్లాడదాం" అంటాను. వెళ్ళిపోతాడు. మర్నాడు మళ్ళీ. బోటుని ఒడ్డుకి లాగి పట్టా కప్పేశాడు, ఇక నీళ్ళమీదకి వెళ్ళనంటున్నాడు. ఓడలు కట్టేచోట వెల్డింగ్ పనికి పోతాట్ట. వాళ్ళావిడ వచ్చి "పిన్నీ, మీరొక్క మాట చెప్తే ఆగుతాడు, పిల్లల్ని వదిలిపెట్టి పోతానంటున్నాడు" అని ఇక్కడే నిలబడి ముక్కు తుడుచుకుంది.

నీకు సగమే తెలుసు కాబట్టి మొదట్నించీ చెప్తా.

వేసవిలో మీ మరిదికీ ఈ తేగున్‌కీ పెద్ద గొడవ. బోటు రయ్యిమని గుడిసెల మధ్యలోంచి పోయేది. అల కొట్టిందంటే గుడిసెలు ఊగుతాయి, గాలాల బెండ్లన్నీ గంతులేస్తాయి, చేప అన్నది మళ్ళీ ఆ దరిదాపులకి రాదు. ఓసారి మా పాత గిరాకీ ప్యోగారి వేడి వేడి నూడుల్స్ గిన్నె ఆయన ఒళ్ళోనే పడింది. రైలింజన్ నడిపి రిటైరైన మనిషి, ఏనాడూ గట్టిగా మాట్లాడడు, ఆరోజు మాట్లాడిన మాటలు నేనిక్కడ రాయలేను.

మీ మరిది గట్టు మీద తేగున్‌ని నిలబెట్టాడు.

"ఏరా, కళ్ళు నెత్తికెక్కాయా? మనుషులు కూచున్నారని కనపడ్డంలేదూ?"

"నీళ్ళేమన్నా మీ సొంతమా బాబాయ్? చెరువంతా గుడిసెలు పరిచేసి కూచుంటే నేను ఆకాశంలో తోలుకోనా?"

"తోలుకో. ఎలా పడతావో కింద కూచుని చూస్తా."

"మీరు చూసేది ఆ బెండుని. మనిషి పడ్డా చూడరు."

ఇద్దరూ అలా అరుచుకుని, మర్నాడు మీ మరిదే వాళ్ళింటికెళ్ళి, ఒక్కరోజు నా గుడిసెలో కూచుని గాలం వెయ్యి, తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు తోలుకో అన్నాడట. వాడూ రోషంగా వచ్చి కూచున్నాడు. పొద్దున్నంతా ఏమీ పడలేదు. మధ్యాహ్నానికి వాడికే పిచ్చి పట్టుకుంది, బెండు మీంచి చూపు తిప్పడు, నేను అన్నం తీసుకెళ్తే చెయ్యెత్తి ష్ అన్నాడు. నేను గట్టుకి తిరిగొచ్చాక బెండు మెల్లిగా లేస్తోంది, సరిగ్గా అప్పుడు, మీ మరిది ముందే చెప్పినట్టు, నేను వాడి స్పీడు బోటే ఎక్కి వాడి పక్కనించి తోలుకుపోయా. గిన్నె బోర్లాపడింది, బెండు ఎటో పోయింది, గాలం కర్ర నీళ్ళలో పడింది.

"పిన్నీ, బుద్ధుందా" అని గుడిసెలోంచి కేకలు.

మీ మరిది గట్టు మీద పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "ఇప్పుడు చెప్పరా, నీళ్ళు ఎవరివో."

అప్పట్నించీ తేగున్ మారిపోయాడక్కా. ఇక్కడి పద్ధతి నీకు తెలుసుగా, మునిగిపోయిన విల్లో చెట్ల మొద్దులు కనపడగానే ఇంజన్ ఆపెయ్యాలి, బోటు తన ఊపుతో తనే జారుతూ పోవాలి, గుడిసెలకి దూరంగా. పలకరించకూడదు. ఏమన్నా పడ్డాయా అని అసలే అడగకూడదు. గాలం వేసినవాడికి మనతో పనుంటే గుడిసె కొయ్యకి పసుపు తువ్వాలు కడతాడు. కట్టలేదంటే మనల్ని రావద్దన్నట్టే. తేగున్ ఇదంతా మాకంటే బాగా నేర్చుకున్నాడు. పైగా దాటేటప్పుడు తల కొంచెం వంచేవాడు, అది వాడి సొంత కవిత్వం. మీ మరిది పొంగిపోయి గుడిసెకొచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. "చూడండి, పెళ్ళికూతురు నడిచొస్తున్నట్టు లేదూ?"

చుసొక్ పండగ అయ్యాక, నీళ్ళు చల్లబడ్డాక, ఒక మంగళవారం. గిరాకీ తక్కువని మీ మరిది తనే గాలాలు తీసుకుని చివరి గుడిసెకి వెళ్ళాడు. తువ్వాలు కట్టలేదు. టోపీ కిందికి లాక్కుని కుర్చీలో కూచున్నాడు. తేగున్ ఆరోజు అటూ ఇటూ చాలాసార్లు పోయాడు. వెళ్ళిన ప్రతిసారీ ఇంజన్ ఆపాడు, దూరంగా జారాడు, తల వంచాడు. ఒకసారి చూస్తే బెండు లేదట, కర్ర విల్లులా వంగిపోయి ఉందట, బాబాయి లాగడంలేదట. పెద్ద చేప, అలసిపోనిస్తున్నాడు అనుకున్నాట్ట. మాట్లాడితే తిడతాడని ఊరుకున్నాట్ట. పాత తేగున్ అయితే హోరుమని పక్కనించే పోయేవాడు, మీ మరిది లేచి బూతులు తిట్టకపోతే ఏదో తేడా ఉందని అప్పుడే తెలిసేది. ఇది వాడన్న మాటే. వాడి బాధంతా అదే.

చివరికి చూసింది ప్యోగారు. మీ మరిది కర్రకి పడ్డ చేప తాడుతో సహా పక్క గుడిసె దాకా వెళ్ళి ప్యోగారి తాళ్ళకి చిక్కు వేసింది. అలా చిక్కుపడితే తాడు ఎవరిదో వాళ్ళే ముందు మాట్లాడి క్షమించమనాలి, అదీ ఇక్కడ పద్ధతి. మీ మరిది మాట్లాడతాడేమోనని ఆయన మర్యాదగా చాలాసేపు చూశాడట. ఆ తర్వాతే పిలిచాడు, అప్పటికే అయిపోయింది.

ఇప్పుడు నేను బోటులో వెళ్తుంటే గుడిసెల్లో ఒక్కొక్కళ్ళే చెయ్యెత్తుతున్నారు. బెండు మీంచి కళ్ళు తిప్పరు, చెయ్యి మాత్రం లేస్తుంది. ప్యోగారు మొదలుపెట్టాడు, తర్వాత పాతవాళ్ళందరూ, ఇప్పుడు కొత్తవాళ్ళు కూడా. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నేను ఇంజన్ ఆపి ఆ చేతులు చూసుకుంటూ పోతున్నా. దుఃఖం వస్తుందేమో అనుకున్నా, రాలేదు. అందరూ ఉన్నారు, సరే, అనుకుంటున్నా.

కాస్త ఆగు, ఎవరో వచ్చారు.

వచ్చా. ఇద్దరు కుర్రాళ్ళు, గాలానికి ముడి వేసుకోవడం కూడా రాదు, నేనే వేసిచ్చా.

ఎక్కడున్నాం? ఆ, తేగున్. మొన్న ఆదివారం పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. బస్సుకి పోతున్నాడట. వెళ్ళొస్తానని చెప్పడానికొచ్చి మళ్ళీ అదే అడిగాడు.

"కూచో" అన్నాను. పిల్లిని లేపి ఆ పెట్టె మీదే కూచున్నాడు. "డాక్టరు ఏమన్నాడో నీకు చెప్పలేదు కదూ?"

"లేదు పిన్నీ."

"కూచున్న కాసేపటికే పోయాట్ట. ఒక్క క్షణంలో. అప్పటికి నువ్వింకా బోటు నీళ్ళలోకి దింపి కూడా ఉండవు."

"మరి నేను వెళ్ళినన్నిసార్లూ..."

"ఆయన లేడు అక్కడ. నువ్వు కేకేసినా, డప్పు కొట్టినా, ఎవరూ లేరు."

"నిజమా పిన్నీ?"

"నీకు అబద్ధం చెబితే నాకేం వస్తుందిరా."

సంచీ కింద పెట్టాడు. అంత పొడుగు మనిషి మోకాళ్ళ మధ్య తల పెట్టేసుకుని ఏడ్చాడు. నేను స్టవ్ మీద ఉన్న కూర కలుపుతూ ఉన్నా. తర్వాత అన్నం పెడితే తిన్నాడు, మళ్ళీ పెట్టమని గిన్నె జరిపాడు. "కారం ఎక్కువేశావు పిన్నీ" అన్నాడు. ఇన్నాళ్ళకి ఆ మాటన్నది వాడొక్కడే. సంచీ తీసుకుని ఇంటికి పోయాడు. నిన్న వాడి బోటు చప్పుడు వినపడింది. మొద్దుల దగ్గర ఆగిపోయింది.

ఇప్పటిదాకా రాసి, ఇక్కడితో ఆపేద్దామనుకున్నా. ఆపితే మళ్ళీ నీకు ఎప్పటికీ చెప్పను.

డాక్టరు అలా అనలేదక్కా. చావింట్లో నీ చెయ్యి పట్టుకుని నీకూ అదే చెప్పాను, ఒక్క క్షణంలో పోయాడని. ఆ డాక్టరు చిన్నవాడు, నెమ్మదిగానే చెప్పాడు. పొద్దున్న ఎప్పుడో మొదలైందట, మధ్యాహ్నం దాటేదాకా ప్రాణం ఉండే ఉంటుందట. ఈలోపల తీసుకొస్తే బతికేవాడని ఖాయంగా చెప్పలేను గానీ, చూడ్డానికి వీలుండేదమ్మా అన్నాడు.

మధ్యాహ్నం తువ్వాలు కట్టినవాళ్ళకి భోజనాలు తీసుకుని నేనే వెళ్ళాను. ఆయన గుడిసె పక్కనించే. ఇంజన్ ఆపే వెళ్ళా. అన్నం తిన్నావా అని అడగాలనిపించింది. ప్యోగారికి అవతలి గుడిసెలో కొత్తగా వచ్చినవాళ్ళు కూచున్నారు, ఇన్ని పద్ధతులు చెప్పి యజమాని పెళ్ళామే అరుస్తోందని అనుకుంటారేమోనని అడగలేదు. ఆయన చెయ్యి కుర్చీ చేతి మీదుంది. వేళ్ళు కదిలాయి. చేప ఎరని కొరుకుతున్నప్పుడు పో పో అని నాకు రెండు వేళ్ళతో సైగ చేస్తాడు చూడు, పెళ్ళైనప్పట్నించీ అదే అలవాటు. అదే అనుకున్నా. పోతున్నానులే అని మనసులో అనుకుని, తెడ్డుతో మెల్లిగా, అల కూడా లేవకుండా తోసుకుంటూ వెళ్ళిపోయా.

అది సైగో, పిలుపో నాకు తెలియదు. రోజూ అక్కడిదాకా వెళ్ళి ఆగిపోతున్నా. దాని మీద ఏడుపు రాదు, కోపం రాదు, ఏదీ రాదు.

తేగున్ ఏడుస్తుంటే జాలేసిందనుకుంటావేమో. జాలి కాదక్కా. ఆకలి మీదున్నవాళ్ళు ఎదుటివాళ్ళ కంచం వంక చూస్తారు చూడు, అలా చూశాను. వాడికి నేనున్నా చెప్పడానికి. ఎదురుగా నిలబడి, మొహంలోకి చూసి, నువ్వు పిలిచినా అక్కడ ఎవరూ లేరని. నేను చెప్పింది నిజం కాకపోయినా వాడి గిన్నెలోకి అన్నం దిగింది.

నువ్వు వచ్చి నాకు అలా చెప్పాలి. ఫోన్లో వద్దు. ఉత్తరంలో అసలొద్దు, చదువుతూ చదువుతూ లేచి కొట్టు పనిలో పడిపోతాను. నువ్వు చెప్పేది అబద్ధమని నాకు తెలుసు, తెలుసని నీకూ తెలుసు, ఫరవాలేదు. చిన్నప్పుడు అమ్మ పోయినప్పుడు కూడా నువ్వే ఏదో చెప్పావు, అదేమిటో గుర్తులేదు, నిద్రపట్టింది మాత్రం గుర్తుంది. నారింజలు పూర్తిగా కొయ్యక్కర్లేదు, బావ చూసుకుంటాడు, లేదంటే చెట్టుకే ఉండనీ. విమానం దిగి బస్సెక్కితే చాలు, స్టాండు దగ్గరికి నేనొస్తా. ఎప్పుడొస్తావక్కా?

ఇట్లు,
నీ చెల్లెలు
మల్సున్