గుర్రానికి ఎడమ పక్క మనిషి

పలాస,
12-3-2004, శుక్రవారం.

బావగారు వైకుంఠరావు గారికి,

నమస్కారాలు. వజ్రపుకొత్తూరులో మీరు, అక్కయ్య, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఇక్కడ రోజా, నేను ఉన్నాం. మీ ఉత్తరం నిన్న అందింది. జవాబు రాసే ముందు మీ చెల్లెలి ఆఖరి రోజు సంగతి రాస్తాను. పెద్దకర్మ నాడు మీరు అడిగారు. చుట్టూ జనం ఉండి సరిగా చెప్పలేకపోయాను.

ఫిబ్రవరి 26, గురువారం. నీలవేణి నాలుగున్నరకు లేచింది. రోజాకు స్నానం చేయించింది. ఆరున్నర ప్యాసింజరుకు విశాఖ వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. ప్రతి గురువారం వెళ్లేదే. ఆ రోజు వెళ్లలేదు. గేటు పడి బండి తప్పిందని మీకు చెప్పాను. ఏడున్నరకు ఇంటికి వచ్చి, రేపటి బండికి వెళ్తానంది. నేను కాలేజీకి వెళ్లాను. పదకొండింటికి పక్కింటి గౌరమ్మ కబురు పంపింది. వచ్చేసరికి నీలవేణి వంటింటి గడప దగ్గర గోడకు ఆనుకుని కూర్చుంది. ఆయాసం. మాట తడబడుతోంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిలో గౌరమ్మను ఒక్కటే అడిగింది, పొయ్యి మీద పప్పు దింపేసేవా వదినా అని. పన్నెండూ పదికి పోయింది.

ఇక మీ ఉత్తరం. పెద్దకర్మ నాడు అరుగు మీద మీరన్న మాటే అందులోనూ ఉంది. "తల్లి పోయి ఏడు తిరక్కుండా పిల్లని గుర్రమెక్కిత్తావేటి బావా, అదేటి పెళ్లూరేగింపా, ఊరోలు నవ్విపోరేటి" అని. మీ చెల్లెలు ఆ గుర్రం వెనక తిరిగి తిరిగే పాడైపోయిందని కూడా రాశారు. ఆ రెండో మాటకు చివర జవాబిస్తాను.

మీరు లచ్చిని ఒక్కసారే చూశారు. అది మా వీధి చివర కూర్మయ్య గుర్రం. పదేళ్లు స్టేషను దగ్గర జట్కా లాగింది. ఆటోలు వచ్చాక జట్కా మూలపడింది. పెళ్లిళ్లలో పెళ్లికొడుకులను మోస్తోంది. రైలు కూతకూ బాణసంచాకూ చెవి కూడా కదపదు.

ఏడాది కిందట విశాఖ ఆసుపత్రిలో తన వంతు కోసం కూర్చున్నప్పుడు నీలవేణికి ధనలక్ష్మి అనే ఫిజియోథెరపిస్టు పరిచయమైంది. రోజాకు పుట్టుకతోనే కాళ్లు బిగుసుకుపోయి కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడతాయని చెప్తే, మీ ఊళ్లో నెమ్మదైన గుర్రం ఉందా అని ఆవిడ అడిగిందట. గుర్రం నడిచినప్పుడు దాని వీపు, మనిషి నడుస్తుంటే నడుము కదిలినట్టే కదులుతుందట. నడవలేని పిల్ల దాని మీద కూర్చుంటే నడక ఎలా ఉంటుందో ఆ పిల్ల నడుముకు తెలుస్తుంది. దాని ఒంటి వెచ్చదనానికి తొడలు వదులవుతాయి. ముందు పిల్ల తుంటికి ఎక్స్‌రే తీయించి డాక్టరుకు చూపించమంది. చూపించాం. ఆయన సరేనన్నాడు.

జీను వద్దంది ధనలక్ష్మి. మడత దుప్పటి చాలు. ఒకరు కళ్లెం పట్టుకుని ముందు నడవాలి. ఇద్దరు చెరో పక్కన పిల్ల తొడ మీద చెయ్యి వేసి నడవాలి. ఇరవై నిమిషాలు, వారానికి మూడు రోజులు. కళ్లెం కూర్మయ్య పట్టుకున్నాడు. కుడి పక్క అతని భార్య బొడ్డమ్మ. ఎడమ పక్క నీలవేణి. మా ఇంటి నుంచి స్టేషను ముందు నుంచి వెళ్లి, జీడితోటల ఇసుక దారిలో తిరిగి రావడం. ఇన్ని నెలల్లో నేను ఒక్కసారీ వెళ్లలేదు.

మొదటి వారం రోజా భయపడి జూలు పట్టుకుని ఏడ్చింది. రెండో వారం దిగనని ఏడ్చింది. లచ్చిని ఎక్కినవాళ్లందరిలో కూర్మయ్య రోజాకే మార్కులు వేశాడు. "పెళ్లికొడుకులు ఎక్కితే సారా కంపు బాబూ, రోజమ్మ ఎక్కితే పాల కంపు, నచ్చికి ఏది ఇట్టమో మీరే సెప్పండి" అనేవాడు. లచ్చిని అతను నచ్చి అనే పిలుస్తాడు. రోజాకు స్పష్టంగా పలికే నాలుగైదు మాటల్లో అదొకటి.

నీలవేణి కొలత పెట్టుకుంది. స్నానం చేయించేటప్పుడు పిల్ల మోకాళ్ల మధ్య అగ్గిపెట్టె పెట్టి చూసేది. మొదట్లో పెట్టెను పడుకోబెట్టినా పట్టేది కాదు. బట్టలు మార్చాలంటే ఇద్దరం ఉండాలి, ఒకరు మోకాళ్లు విడదీసి పట్టుకోవాలి. నాలుగో నెలలో అగ్గిపెట్టె పొడుగ్గా పట్టింది. అప్పటి నుంచి నీలవేణి ఒక్కతే బట్టలు మార్చేది. రోజా గోడ ఆసరా లేకుండా పీట మీద కూర్చుని తన చేత్తో అన్నం తినడం మొదలుపెట్టింది. సగం నేల మీద పడేది. నడక వస్తుందని ఎవరూ అనలేదు. నేనూ అనడం లేదు. లెక్కల మాస్టారిని, ఉన్నదే రాస్తున్నాను.

మైల పన్నెండు రోజులూ గుర్రం లేదు. పిల్లకు స్నానం నేనే చేయించాను. ఎనిమిదో రోజున మోకాళ్లు విడదీయలేకపోయాను. గౌరమ్మను పిలవాల్సి వచ్చింది. "పిల్ల కర్రయిపోయింది బాబూ, తల్లి ఉంటే సూడగల్దా" అంది. కిటికీలో నీలవేణి పెట్టుకున్న అగ్గిపెట్టె ఉంది. పెట్టి చూశాను. పట్టలేదు. ఆ పూట రోజా అన్నం పళ్లెం తోసేసింది. తలగడను గుర్రం చేసి దాని మీద కూర్చోబెట్టి ఊపితే కాసేపు చూసి, "నచ్చి కాదు" అంది. రెండు మాటలు కలిపి అనడం నేను విన్నది అదే మొదలు.

నిన్న కూర్మయ్య వచ్చాడు. బరంపురం బ్యాండు మేళం వాళ్లు లచ్చిని అడుగుతున్నారట. "రోజమ్మ ఎక్కుతాదంటే ఇయ్యను బాబూ. ఏడాది దాకా ఎక్కదంటే ఆదివారం తోలుకుపోతారు. ఊరికే మేపడానికి నాకూ కడుపుంది కదా" అన్నాడు. శనివారం పొద్దున్న చెప్తానన్నాను. ఈ చుట్టుపక్కల మరో గుర్రం లేదు.

ఏటి సూతకంలో ఊరేగింపు కూడదు. ఒప్పుకుంటాను. ఇల్లు అలంకరించను, కొత్త బట్టలు కట్టను, ఎవరి పెళ్లికీ వెళ్లను. కానీ ఏడాది పాటు మందు మానెయ్యమని మీరు కూడా అనరు. ఇది మందు. దానికి నాలుగు కాళ్లున్నాయి, అంతే. నవ్వేవాళ్లు నవ్వుతారు. మేనమామగా మీకు తెలియకుండా చెయ్యడం ఇష్టం లేక రాస్తున్నాను. మీరు వస్తే రోజా సంతోషిస్తుంది. మావ అని పిలవడం నేర్పుతున్నాను.

మీ చెల్లెలి భర్త,
ఢిల్లీబాబు

తా.క.: రెండో మాటకు జవాబు. గేటు పడలేదు.

పెళ్లిళ్లకని లచ్చి అంతకుముందు పది రోజులు ఊళ్లో లేదు. పిల్ల కాళ్లు బిగుసుకున్నాయి. ఆ గురువారం ఒక్క పూటే ఖాళీ, మర్నాడు మళ్లీ టెక్కలి పెళ్లికి పోతుంది. నీలవేణి ముందు రోజు సాయంత్రమే నన్ను అడిగింది. "ఈ ఒక్కపాలి మీరు ఎడం పక్కన నడండి, నాను బండెక్కేత్తాను" అని. నాకు మొదటి పీరియడు క్లాసుందని చెప్పాను. గురువారం నాకు మొదటి పీరియడు లేదు. ఆ దారిలోనే మా విద్యార్థులు ట్యూషన్లకు వస్తారు. లెక్కల మాస్టారు జట్కా గుర్రం పక్కన నడుస్తున్నాడంటారని సిగ్గుపడ్డాను. వాళ్లు తిరిగి వచ్చేదాకా ఇంట్లో కూర్చుని పేపరు చదివాను.

మిగతాది పదో రోజున కూర్మయ్య చెప్పాడు. స్టేషను ముందు పాత జట్కా స్టాండు దగ్గర లచ్చి అలవాటు కొద్దీ ఆగుతుంది. ఆ రోజూ ఆగింది. ప్యాసింజరు ఇంకా కదల్లేదు. "ఎల్లు తల్లీ, ఎల్లి బండెక్కీ" అన్నాడట. ఎడమ పక్క చెయ్యి తీస్తే పిల్ల ఒరిగిపోతుందని నీలవేణి కదల్లేదు. "రేపు బండి నేదేటి మావా, నడిపించు" అందట.

ఒక్క పూట ఆలస్యానికి ఇలా అవుతుందా అని డాక్టరును అడిగాను. ఒక్కోసారి అవుతుందన్నాడు. కాబట్టి గుర్రాన్ని ఏమీ అనకండి. అనవలసింది నన్ను.

రేపు శనివారం. నాకు నిజంగానే మొదటి పీరియడు ఉంది. సెలవు చీటీ పంపించాను. ఉదయం ఆరింటికి రోజాను లచ్చి మీద కూర్చోబెట్టి, ఎడమ పక్కన నేను నడుస్తాను.