తూనీగ చొక్కా విప్పే వేళ

జూన్ 9, సోమవారం
బడిలో ఈతకొలను కడిగే ముందు, అందులో పెరిగిన తూనీగ పిల్లల్ని ఏటా లాగే వీధివాళ్లకు పంచారు. మూడు తెచ్చుకున్నాను. బకెట్లో వేసి, ఎక్కడానికి అన్నం తినే పుల్లలు నిలబెట్టాను.

సుజునో అక్క తుంటి విరిగి వృద్ధాశ్రమంలో ఉంది. నెలయింది, మంచం దిగనంటుంది. నడిపించే అమ్మాయి వస్తే నిద్ర నటిస్తుంది. తూనీగ డొల్ల చీల్చుకుని బయటికొచ్చేటప్పుడు ఫోటో తీసి తెస్తానన్నాను.

"నువ్వా? మూడ్రోజుల సన్యాసివి. అల్లిక మూడ్రోజులు, ముగ్గుబుట్టలాంటి తల పెట్టుకుని ఉపవాసం మూడ్రోజులు. నువ్వా ఫోటో తెస్తే నేను లేచి నిలబడతాలే."

"మాట మీద నిలబడతావా?"

"ముందు నువ్వు నిలబడవే టొమే."

నియమాలు: ముట్టుకోకూడదు. సాయం చేయకూడదు. కంగారు పడకూడదు. ఇంత తేలికైన పని ఇంతవరకు చేయలేదు.

జూన్ 10
రెండే ఉన్నాయి. మూడోదాని కోసం పెరడంతా వెతికాను. పక్కింటి కువబారా గారు గోడ మీంచి చూసి నవ్వారు.

"ఎక్కడికీ పోలేదమ్మా. పక్కదాని కడుపులో ఉంది. ఆకలేస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి."

మిగిలిన రెండిటినీ చెరో మిసో చారు గిన్నెలో పెట్టాను. చారు టీ కప్పులో తాగాను.

జూన్ 12
ఒకటి తిండి మానేసింది. బయటికొచ్చే ముందు అంతేనంటారు కువబారా గారు. ఆయనకేం, ఆయన పురుగు కాదు కదా. వాన పడుతోంది, జలుబు చేస్తుందేమోనని గిన్నెకు నా ఉన్ని టోపీ తొడిగాను. గిన్నెకే. పురుగుకు సాయం చేసినట్టు కాదు.

జూన్ 14
తిండి మానేసినది తెల్లవారుజామున పుల్ల ఎక్కింది. కదల్లేదు. వీపు టక్కున చీలింది.

చీలుతుందని తెలుసు. తెలియడం వేరు, చూడటం వేరు. పోయిందనుకున్నాను. అగరుబత్తి వెలిగించి, మా అమ్మ నేర్పిన మంత్రం మొత్తం చదివి, తెల్లపూల కోసం వానలో వీధి చివరిదాకా వెళ్లాను. వచ్చేసరికి పోయినావిడ రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

సాయంత్రం అక్క ఫోన్లో అడిగింది, వచ్చిందా అని. ఇంకా రాలేదన్నాను. రెండోది నిజంగానే రాలేదు.

జూన్ 17
రెండోది ఎక్కింది. ఈసారి భయపడలేదు. ఫోన్లో వీడియో పెట్టి, రెండు చేతుల్తో పట్టుకున్నాను. వీపు చీలింది. తల వచ్చింది. పాలలో ముంచినట్టు తెల్లగా కాళ్లొచ్చాయి.

అప్పుడే వీధిలో వాళ్లు పొద్దుటి వ్యాయామానికి బయల్దేరారు. కువబారా గారు నమస్కారమన్నారు. మర్యాదగా నడుం వంచాను. వాళ్లావిడ అంది. ఇంకొంచెం వంగాను. వెనకే చేపల కొట్టు ముసలాయన, ఆయన వదినగారు. వంగకపోతే టొమేకి పొగరెక్కిందనుకోరూ? చివరికి తూనీగ రెక్కలు పూర్తిగా చాపింది. దానికీ శుభమని వంగాను.

వీడియో నిండా నా చెప్పులే.

జూన్ 18
దాచి లాభం లేదని అక్కకు చూపించాను. మొదటినుంచి చివరిదాకా చూసింది.

"ఎడమ చెప్పు కుట్టూడింది. ఆ గొంతు కువబారాదేనా? ఇంకా ఉన్నాడన్నమాట."

"ఉన్నారక్కా. నమస్కారం పెట్టారు, మరి నేను..."

"ఒక్క గంట తలెత్తి నిలబడలేకపోయావా?"

"నువ్వయితే ఏం చేసేదానివి?"

అక్క మొహం అటు తిప్పుకుంది. భుజాలు ఊగుతుంటే ఏడుస్తోందనుకుని కంగారుపడ్డాను. నవ్వుతోంది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, లేచి కూర్చుని, కాళ్లు కిందపెట్టింది.

"ఆ అమ్మాయిని పిలు. నడక నేర్పమను. వచ్చే నెల ఆ గీపెట్టే పురుగులు, ఇలకోళ్లు, చెట్లెక్కుతాయి, అవీ డొల్ల విప్పేవే. ఫోటో నేను తీస్తాను. నువ్వు నన్ను పట్టుకో, చాలు."

జూన్ 19
నిద్ర పట్టలేదు. అక్కను పట్టుకుని ఉన్నప్పుడు ఎవరైనా నమస్కారమంటే? నేను వంగితే అక్క పడుతుంది. రెండో తుంటి కూడా పోతుంది.

అందుకని కొత్త నియమం ఒక్కటే: నిటారుగా నిలబడి నమస్కారం చెప్పాలి. పొద్దున్నే కువబారా గారి మీద మొదలుపెట్టాను.

"అయ్యో, నడుం పట్టేసిందా టొమే గారూ?" అన్నారాయన.

ఆయన్ని కంగారు పెట్టినందుకు బాగా వంగి క్షమాపణ అడిగాను.

రేపటినుంచి మళ్లీ మొదలు.