దోహా నుంచి వచ్చిన ప్లగ్గు

చిక్కడపల్లి,
ఆదివారం.

శ్రీదివ్యకు ఫణీంద్ర ప్రేమతో రాస్తున్నది. అమ్మా నేనూ ఇక్కడ కులాసా. అక్కడ పుట్టింట్లో నువ్వూ చిన్నదీ, అత్తమ్మా మామయ్యా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

మామయ్య చేత పంపిన నీ ఉత్తరం అందింది. ఫోన్‌లో అయితే ఇంట్లో అందరూ వింటారని నువ్వు మొదలుపెట్టిన ఈ ఉత్తరాలు ఇప్పుడు నాకే అక్కరకొచ్చాయి. ఉయ్యాల బిగించాను, కొక్కేలు గట్టివే. దోమతెర నీలం రంగుదే దొరికింది. అమ్మ మోకాలినొప్పి తగ్గి, నారాయణగూడ దాకా నడిచి కూరగాయలు తెస్తోంది.

పాలసీసాలకు ఆవిరిపట్టే మెషీన్ వాడి చూశారా అని అడిగావు. చూశాం. అదే రాయాలి.

దోహా నుంచి ఉదయ్ బావ పంపిన ఆ మెషీన్ ప్లగ్గుకు మూడూ పలక పిన్నులు. మన వంటింటి బోర్డుకేమో గుండ్రటి బొక్కలు. చౌరస్తాలో ఒక షాపులో అడిగితే, మధ్యలో పెట్టే చిన్న ప్లగ్గు ఒకటి ఇచ్చాడు. "ఏ దేశం ప్లగ్గయినా పడ్తది సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. పైన మూడు పిన్నులూ పట్టాయి. కింద చూస్తే రెండే పిన్నులున్నాయి. మూడోది ఏమైందని నేను అడగలేదు. ఆ బరువుకు ప్లగ్గు వేలాడుతుంటే కింద పేపరు మడిచి ఆనించాను. మెషీన్ నడిచింది.

సీసాలు పెట్టి అలవాటు చేసుకుంటానని అమ్మ రోజూ దాన్ని వేసేది. ఒకసారి, "చీమలు పాకినట్టు చెయ్యి జుమ్మంటున్నదిరా" అంది. నరాల బలహీనత అన్నాను నేను.

గురువారం పొద్దున నేను ముందుగదిలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. వంటింట్లోంచి ఒక చప్పుడు వినిపించింది. అది మనిషి గొంతులా లేదు. వెళ్లి చూస్తే, అమ్మ ఒక చెయ్యి నల్లా మీద ఉంది, రెండో చెయ్యి మెషీన్ స్టీలు పిడిని బిగించి పట్టింది. వేళ్లు విడివడటం లేదు. పళ్లు బిగుసుకున్నాయి. కళ్లు మాత్రం నా వైపే చూస్తున్నాయి. స్విచ్చు అమ్మ భుజం వెనకాలే ఉంది. తనను తాకకుండా అందుకోలేను.

నేను పరుగెత్తాను. మెట్లు దిగి, కిందికి. మెట్ల కింది మెయిన్ స్విచ్చు లాగేశాను. పైకి వచ్చేసరికి అమ్మ నేల మీద కూలబడి ఉంది, ఆయాసపడుతోంది. కిందింటి స్వర్ణక్క ఆటో పిలిచింది. అశోక్‌నగర్ ఆస్పత్రిలో గుండె పరీక్ష చేసి, ప్రమాదం లేదన్నారు. రెండు వేళ్లు బొబ్బలెక్కాయి, అంతే. ఇప్పుడు బాగానే తింటోంది. నువ్వు కంగారుపడకు.

"మెయిన్ ఆపాలని తట్టింది చూడు, మా ఫణీంద్ర తమ్ముడు కాబట్టి సరిపోయింది" అని స్వర్ణక్క గల్లీలో అందరికీ చెబుతోంది. నేను తలూపుతున్నాను. దివ్యా, నిజం నీకొక్కదానికే రాస్తున్నాను. నేను మెయిన్ కోసం పరుగెత్తలేదు. భయమేసి పారిపోయాను. చివరి మెట్టు దిగాక మెయిన్ పెట్టె కంటపడింది, అప్పుడు తట్టింది. ఆ పెట్టె మరోచోట ఉండి ఉంటే నేను రోడ్డు మీదికి వెళ్లేవాణ్నేమో. ఆ చోట చిన్నది ఉంటే ఏం చేసేవాణ్ని? అప్పట్నించీ అన్నం సయించడం లేదు. ఏ స్విచ్చు వెయ్యాలన్నా చేతికి తువ్వాలు చుట్టుకుంటున్నాను.

నిన్న ఎలక్ట్రీషియన్ జైపాల్ వచ్చాడు. మెషీన్ లోపల వైరు ఒరుసుకుపోయి స్టీలుకు తగిలిందట. "అసలు ఈ ఇంటికి ఎర్తే లేదన్న. బోర్డుల మూడో బొక్క ఉట్టిగనే ఉన్నది" అన్నాడు. ఇంటి ఓనరు శ్రీపతిగారు కాదనలేదు. పెరట్లో గుంత తవ్వించి ఎర్తు వేయించారు. షాక్ కొడితే దానంతటదే పడిపోయే స్విచ్చు కూడా పెట్టించాం. జైపాల్ మెషీన్ బాగుచేసి, పలక పిన్నుల ప్లగ్గు కోసేసి, మన బోర్డుకు సరిపడే గుండ్రటి మూడు పిన్నులది బిగించాడు. టెస్టర్ పెట్టి చూసి, "ఏం లేదన్న, ముట్టుకో" అన్నాడు.

అమ్మ ముందుకు రాబోయింది. వద్దని నేనే వెళ్లాను. తువ్వాలు తీసి పక్కన పెట్టాను. చెయ్యి చాచాను గానీ, పిడి దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. వెనక ఏదో కదిలినట్టయి తిరిగి చూస్తే, బట్టలారేసే కర్ర రెండు చేతులా పట్టుకుని అమ్మ నిలబడి ఉంది. బొబ్బల వేళ్లకు ఇంకా కట్టు ఉంది.

"ఏందమ్మా అది?"

"నువ్వు అంటుకుంటే కొట్టి ఇడిపిస్త. నేనైతే ఇడిచిపెట్టి ఉర్కను బిడ్డా."

కోపంగా అనలేదు. జైపాల్ నవ్వాడు, వాడికి అర్థం కాలేదు. నేను అటు తిరిగి పిడి పట్టుకున్నాను. చల్లగా ఉంది. అమ్మ కర్ర దించేదాకా వదల్లేదు.

చిన్నదాన్ని తీసుకుని ఇక్కడికి ఎప్పుడు బయలుదేరేదీ నువ్వే ఆలోచించుకుని రాయి.

ఇట్లు,
మీ అత్తమ్మ కొడుకు, చిన్నదాని నాన్న
ఫణీంద్ర