సునీత గొర్రె నంబరు

మంగళవారం, అనంతపురం

మా చిన్న ప్రోగ్రామింగ్ భాషను ఈరోజు కాలేజీలో పిల్లలచేత వాడించాం. మడకశిర నుంచి వచ్చే సునీత తన గొర్రె చెవి ట్యాగు మీది పొడవాటి నంబరు కొట్టింది. ఒక్కో సంఖ్యకు కంప్యూటర్ మెమరీలో మేం కేటాయించిన జాగాలో అది పట్టక, మైనస్ గుర్తుతో వేరే సంఖ్య అయిపోయింది.

"నేనేమన్నా తప్పు కొట్టినానా సార్?" అంది కళ్ళనీళ్ళతో.

పట్టకపోతే దాని బదులు, పట్టే వాటిలో అతి పెద్ద సంఖ్య ఇచ్చేద్దామన్నాను.

"అట్లయితే గొర్రెలన్నిటికీ ఒకటే నంబరు అయితాది కదప్పా! ఎర్రర్ చూపిచ్చి ఆపేయ్," అన్నాడు నాతో కలిసి ఈ భాష రాస్తున్న ఇంతియాజ్.

ఇప్పుడు పట్టని సంఖ్య కొడితే ప్రోగ్రాం ఆగుతోంది. కానీ ఎర్రర్‌లో ఏమని చెప్పాలి? "చెల్లని సంఖ్య" అని రాశాను. గొర్రె చెవికున్నది చెల్లనిదెలా అవుతుంది? చెరిపేసి, "ఈ సంఖ్య నాకు పట్టదు" అన్నాను. చదివితే, నీ గొర్రె సంగతి నాకెందుకన్నట్టుంది. అదీ చెరిపేశాను. రేపు సునీత మళ్ళీ అదే కొడుతుంది...