పదకొండు గంటలకు తెగే దారి

నందిగామ,
జూన్ 18.

జయమణీ,

జగ్గయ్యపేట పోస్టాఫీసులో పక్కపక్క కౌంటర్లలో అన్నేళ్ళు కూర్చున్నాం. నీకు చెప్పకుండా ఉండలేను. అలాగని ఇది ఫోన్లో చెప్పే సంగతీ కాదు. మీ మనవడు బెన్ని నీ ఫోన్ ఎత్తి స్పీకర్ పెడతాడు, ఇక వీధంతా వింటుంది. పైగా ఫోన్లో చెప్పిన మాట చెప్పానో లేదో రేపు నాకు గుర్తుంటుందో లేదో. కాగితమైతే సాక్ష్యంగా పడి ఉంటుంది. నవ్వకు. ఈ మాట నవ్వులాటకి రాయలేదు.

మా రాంబాబు కూతురు యశస్విని విశాఖపట్నంలో పరిశోధన చేస్తోంది కదా. కిందటేడు ఒక నల్లటి పెట్టె తెచ్చి నా గదిలో, మంచానికి ఎదురుగా పెట్టింది. హాస్టల్లో ఉంచనివ్వరట. సర్వర్ అంటారు దాన్ని. పైకి ఒకటే కంప్యూటరు, లోపల ఆరున్నాయంటుంది. "ఎక్కడే?" అంటే, "ఉన్నట్టు నడుస్తాయి నాయనమ్మా, వాటికి విడిగా ఒళ్ళుండదు" అంది. ఒక ఇంటిని ఆరు వాటాలు చేసినట్టు కాబోలని సరిపెట్టుకున్నాను. ఆ పిల్ల అక్కడ కూర్చుని, నెట్ దారిన ఈ వాటాల్లోకి వచ్చి తన పని చేసుకుంటుంది. పెట్టె రోజంతా గుర్రుమంటూ ఉంటుంది. మీ ఆయన గురక పక్కన అది సంగీతం.

నెల రోజులుగా ఆ దారి తెగిపోతోంది. పొద్దున్న బాగానే ఉంటుంది. పదకొండు దాటాక పిల్ల చూస్తున్న తెర బిగుసుకుపోతుంది, పన్నెండు లోపల మళ్ళీ దానంతటదే వస్తుంది. వైరు మార్చారు. గోడకి తగిలించిన నెట్ డబ్బా మార్చారు. పెట్టె మధ్యలో నిద్రపోతోందేమోనని, నిద్రపోకుండా ఏదో మార్చింది. లైను మనిషి వచ్చి, మా వైపు ఏ లోపమూ లేదని సంతకం పెట్టించుకుని పోయాడు. చివరికి యశస్విని ఫోన్ చేసి చెప్పింది: "పెట్టె ఆగట్లేదు నాన్నా, లోపల పని నడుస్తూనే ఉంది. నాకూ దానికీ మధ్య దారే పోతోంది. ఎవరో వైరు పీకి, మళ్ళీ పెట్టినట్టుంది."

ఎవరో అంటే ఎవరు? రాంబాబు, కోడలు రాజ్యశ్రీ ఎనిమిదిన్నరకి ఎవరి ఉద్యోగానికి వాళ్ళు పోతారు; వేసవిలోనూ రాజ్యశ్రీకి స్కూల్లో ప్రత్యేక క్లాసులే. ఆదివారాలూ సెలవులూ వాళ్ళు ఇంట్లో ఉంటారు, ఆ రోజుల్లో ఒక్కసారి కూడా తెగలేదు. పెట్టె ఉన్న గదిలో, తెగే వేళలో, ఉండే ప్రాణిని నేనొక్కదాన్నే.

"అమ్మా, దుమ్ము తుడుస్తూ ఏదైనా లాగావా?" అన్నాడు రాంబాబు.

"తుడిచేది పొద్దున్న ఏడింటికి. పదకొండింటికి నీ పెట్టెతో నాకేం పనిరా?" అన్నాను.

"పోనీ, పగలు ఏమేం స్విచ్చులు వేస్తావు?"

"ఫ్యాను. వేసవి కదా, నీ అనుమతి తీసుకోలేదు" అన్నాను.

అప్పటికి నోరు బాగానే లేచింది. తర్వాత గదిలోకి వచ్చి, ఆ పెట్టె వైర్లన్నీ ఒక్కొక్కటీ తడిమి చూసుకున్నాను. ఎందుకంటావా? చందర్లపాడులో మా అక్కయ్య సంగతి నీకు తెలుసు. తాళాలు బియ్యం డబ్బాలో పెట్టి, పనిమనిషి తీసిందని వీధిలో నిలబడి అరిచేది. ఇక దాని దగ్గర ఉండకూడదని ఆ తాళాలు చివరికి దాని బొడ్లోంచి లాక్కున్నది నేనే. "నేనేం చేశానే భారతీ?" అని అడిగింది. ఆ ముఖంలో అబద్ధం లేదు జయమణీ. దానికి నిజంగానే తెలియదు. నేను రాంబాబుతో తియ్యలేదని చెప్పినప్పుడు నా ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది.

మొన్న పాల గిన్నె స్టవ్ మీద పెట్టి మాడ్చాను. కిందటి నెల స్టాంపు అంటించకుండా కవరు డబ్బాలో వేశాను. నేను! ఇలాంటివి ఇంకెన్ని చేశానో నాకెలా తెలుస్తుంది? మరిచిపోయినవాళ్ళకి మరిచిపోయామని గుర్తుండదు కదా.

నీ దగ్గరే ఉంచుకో.

నీ
భారతీదేవి



నందిగామ,
జూలై 2.

జయమణీ,

నీ జవాబు అందింది. ప్రార్థన చేస్తున్నానన్నావు, సంతోషం. నోటుపుస్తకం పెట్టుకుని గంట గంటకీ చేసింది రాసుకో అన్నావు. నీ దేవుడి సంగతేమో గానీ నీ నోటుపుస్తకం నన్ను నిలువునా ముంచింది.

వారం రోజులు రాశాను. అయిదున్నర, లేచాను. ఆరు, కాఫీ. ఏడు, దుమ్ము. ఎనిమిదిన్నర, గేటు వేశాను. తొమ్మిది, పేపరు. పది, చింతపండు పిక్కలు తీశాను. పదీ ముప్పావు, చేతులు కడిగాను. పన్నెండు, భోజనం. ఇదీ వరస. మొన్న రాంబాబు ఆ పుస్తకం తీసి, పక్కన ఫోన్లో కూతురు పంపిన, దారి తెగిన వేళల పట్టీ పెట్టుకుని చూశాడు. నా ముందు గట్టిగా అనలేదు. వంటింట్లో రాజ్యశ్రీతో అన్నాడు. నాకు చెవులు బాగానే ఉన్నాయి, ఉండకపోయినా బాగుండేది.

"చూడు, దారి పోయిన టైమే అమ్మ పుస్తకంలో ఖాళీ. రోజూ అంతే. ఆ గంట ఏం చేస్తోందో ఆమెకే తెలియట్లేదు."

రాజ్యశ్రీ చాలాసేపు గిన్నె కడుగుతూనే ఉంది.

ఆ ఖాళీ ఎందుకుందో నీకు చెబుతాను, విని ఛీ అను. ఆ వేళలో నేను సీరియల్ చూస్తాను. అవును, నేనే. నువ్వు సీరియల్ కోసం రిటైర్మెంటు సన్మానం మధ్యలోంచి లేచిపోయావని నిన్ను అయిదేళ్ళు ఏడిపించిన భారతీదేవినే. రాత్రి ఎనిమిదింటికి రాజ్యశ్రీ హాల్లో అది పెట్టగానే, "చదువుకున్నదానివి, ఆ ఏడుపులెలా చూస్తావే అమ్మాయ్" అని పుస్తకం పట్టుకుని గదిలోకి పోతాను. మర్నాడు ఇల్లు ఖాళీ అయ్యాక, కొడుకూ కోడలూ పడుకునే గదిలో ఉన్న టీవీ వెలిగించి, అందులో నెట్ మీద రాత్రి కథంతా చూస్తాను. హాల్లోదైతే గేటు దగ్గరికి కనిపిస్తుంది మరి. మే నెలలో పట్టుకుంది ఈ జబ్బు. ఇది ఆ పుస్తకంలో ఎలా రాయను? కొడుకు చదువుతాడని తెలిసి తెలిసి?

అయితే ఇక భయమెందుకు, టీవీ ముందు ఉన్నావు కదా అంటావు. నేనూ మొదట అలాగే ధైర్యం చెప్పుకున్నాను. కానీ ఒట్టేసి చెప్పగలనా? ప్రకటనలు వచ్చినప్పుడు లేస్తాను. నీళ్ళు తాగుతాను. నా గదిలోకి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుంటాను. ఒక్కోసారి కునుకు పడుతుంది. నిన్నటి కథలో ఆ పిల్ల పుట్టింటికి వెళ్ళిందా లేదా అంటే నాకు తెలియడం లేదు. వెళ్ళినట్టే గుర్తు. వెళ్ళకుండా గుమ్మంలో నిలబడినట్టూ గుర్తు. కథే ఇలా జారిపోతే, మధ్యలో లేచి ఒక వైరు పీకిన సంగతి ఎక్కడ నిలుస్తుంది?

ఇప్పుడు వాళ్ళు బయటికి వెళ్ళేటప్పుడు సిలిండర్ కట్టేసి పోతున్నారు. ఫ్లాస్కులో కాఫీ పోసిపెడుతున్నారు. "అలవాటుగా కట్టేశా అమ్మా" అంటాడు వాడు, నా కళ్ళలోకి చూడకుండా. అబద్ధమాడటం వాడికి చిన్నప్పుడూ రాలేదు. అంతకంటే పెద్ద సంగతి, రాజ్యశ్రీ స్కూల్లో ఏడాది సెలవు అడుగుతూ అర్జీ రాసింది. ఆ స్కూల్లో అది లెక్కలు చెప్పిన పిల్లల్ని చూసి మండలమంతా మెచ్చుకుంటుంది. నన్ను కాపలా కాయడానికి అది ఇంట్లో కూర్చోవాలా? నేను కుర్చీలో, అది నా ఎదురుగా ఇంకో కుర్చీలో, ఏడాదంతా? రాత్రి దాన్నడిగాను.

"నాకూ కాస్త రెస్ట్ కావాలి అత్తయ్యా" అంది.

"రెస్ట్ అంటే నా మొహం చూడటమా? నీ రుచి మండ" అన్నాను. నవ్వింది. కళ్ళు నవ్వలేదు.

పదో తారీఖున విజయవాడలో జ్ఞాపకశక్తి చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళుతున్నారు. యశస్విని కూడా వస్తోంది. ఆ రోజుతో తేలిపోతుంది. అక్కయ్యని తీసుకెళ్ళిన రోజు నేను పక్కన కూర్చున్నాను, ఈసారి ఆ కుర్చీలో నేను కూర్చుంటాను. భయంగా ఉంది జయమణీ. అన్నం తింటుంటే చెయ్యి మధ్యలో ఆగిపోతోంది, ఇది ఎన్నో ముద్ద అని లెక్క పెట్టుకుంటున్నాను.

నీ
భారతీదేవి



నందిగామ,
జూలై 11.

జయమణీ,

నిన్న ఫోన్లో యశస్విని నీకు అరిచి చెప్పిన కథ నిజమే. అయినా నేను చెబితేనే నీకు తృప్తి కాబట్టి విను.

డాక్టరు మంచివాడే, మా రాంబాబు కంటే చిన్నవాడు. ముందుగా అయిదు మాటలు చెప్పి, "గుర్తుపెట్టుకోండమ్మా, తర్వాత అడుగుతాను" అన్నాడు. తారీఖు, వారం అడిగాడు. వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మన్నాడు. నేను రెండు దాకా పోయి, "ఇంకా తియ్యాలంటే మీరు అప్పివ్వాలి" అన్నాను. కుర్రాడు నవ్వాడు. ఆ తర్వాత, "నిన్న లేచిన దగ్గర్నించి ఏమేం చేశారో చెప్పండి" అన్నాడు.

చెప్పాను. కాఫీ, దుమ్ము, గేటు, పేపరు. పదీ ముప్పావు దాకా వచ్చి, పన్నెండు భోజనానికి దూకాను.

"మధ్యలో?"

 ఎదురుగా డాక్టరు కలం ఆగింది. పక్కన రాంబాబు తల దించుకున్నాడు. వెనక రాజ్యశ్రీ ఊపిరి వినిపిస్తోంది. పరువు పోతుందని ఆ గంట మింగితే, నాకు మతి పోయిందని కాగితం మీద పడుతుంది. రెండింట్లో ఏది పోవాలో అప్పటికప్పుడు తేల్చుకోవాలి.

"టీవీ చూశాను. సీరియల్" అన్నాను.

"ఏంటీ?" అన్నాడు రాంబాబు.

"సీరియల్‌రా. రోజూ. మీ గదిలో. వినపడిందా, ఇంకా గట్టిగా చెప్పనా?"

రాజ్యశ్రీ ముందుకొచ్చి, "అత్తయ్యా! రాత్రి నేను చూసేదేనా?" అంది. అవునన్నాను. యశస్విని మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఏ టీవీ నాయనమ్మా? అమ్మావాళ్ళ గదిలోదా? నెట్ మీదా? రెండు నెలల నుంచా? దాన్ని వాడుతున్నావని ఒక్క మాట చెప్పొచ్చుగా!"

ఇంటికి రాగానే అది తన లాప్‌టాప్‌లో ఫోన్ నెట్ పెట్టుకుని, బయటినుంచి వచ్చినట్టు పెట్టెలోకి వెళ్ళింది. నన్ను టీవీ వెయ్యమంది. వేశాను. తెర బిగుసుకుపోయింది. కట్టమంది. కాసేపటికి తెర కదిలింది. మళ్ళీ వేశాను, మళ్ళీ బిగుసుకుంది. సంగతేమంటే, ఇంట్లో నెట్ వాడే ప్రతి వస్తువుకీ ఒక నంబరు ఉంటుందట. ఆ టీవీ బిగించిన మనిషి చేత్తో ఒక నంబరు కొట్టి పెట్టాడు. ఎవరూ వాడని టీవీ కదా అని, చూసుకోకుండా యశస్విని అదే నంబరు తన పెట్టెకీ ఇచ్చుకుంది. నేను టీవీ వేస్తే ఒకే డోర్ నంబరుతో రెండిళ్ళు. పిల్ల పంపిన ఉత్తరాలు పోయి టీవీ గుమ్మంలో పడుతున్నాయి. ఇన్నేళ్ళు ఉత్తరాలు వేరుచేసిన నాకు ఇది తట్టకపోవడం చూడు. నంబరు మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఇల్లంతా ఒకటే నవ్వు. రాంబాబు నా కాళ్ళ దగ్గర కూర్చుని, "అమ్మా, ఎంత భయపెట్టావే" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. సిలిండర్ వాడే వెళ్ళి తిప్పొచ్చాడు. రాజ్యశ్రీ సెలవు అర్జీ చించేసి, "రేపట్నించి ఎనిమిదింటికి నా పక్కన కూర్చోవాలి, శిక్ష" అంది. ఇక్కడిదాకా నీకు యశస్విని చెప్పింది. ఇక్కడ ఆగిపోవచ్చు. ఆగిపోదామనే కలం కింద పెట్టాను, రెండుసార్లు.

సీరియల్ సంగతి బయటపడ్డాక డాక్టరు గదిలో అందరూ నవ్వుతుంటే, ఆయన కూడా నవ్వుతూనే, "ఆ అయిదు మాటలు చెప్పండమ్మా" అన్నాడు. మామిడి, రైలు, అద్దం, కాకి అన్నాను. అయిదోది లేదు. నోటి చివర ఆడటం, కాసేపట్లో తట్టడం లాంటిది కాదు జయమణీ. అలాంటివి మనకి రోజూ ఉన్నవే. అక్కడ ఏమీ లేదు. ఆయన నాకు నాలుగే చెప్పాడని కోర్టులోనైనా సాక్ష్యం చెప్పేదాన్ని, ఏ అబద్ధమూ లేని ముఖంతో.

ఆయన కాగితం బల్ల మీద నాకు తలకిందులుగా ఉంది. కౌంటరుకి అవతల జనం రాస్తున్న అడ్రసులు ఇవతలినుంచి చదివే అలవాటు మనకి ఎంతకని పోతుంది? కళ్ళు దించి చదివాను. "గొడుగు" అన్నాను. అయిదుకి అయిదు అని రాసుకున్నాడు. "మీ అమ్మగారికి ఏమీ లేదండి, నాకంటే బాగున్నారు" అని రాంబాబు భుజం తట్టాడు. గొడుగు అని చదివాక కూడా అంతకుముందు ఆ మాట విన్నట్టు నాకనిపించలేదు.

ఒక్క మాట పోతే ఏమవుతుంది, డెబ్భై ఆరేళ్ళకి అందరికీ పోతుంది అనుకో. ఆ మాటే నేను రాత్రినుంచి అనుకుంటున్నాను. నిజమే కావచ్చు. కానీ అది చెప్పాల్సింది డాక్టరు, నేను కాదు. ఆయనకి నేను దొంగ లెక్క ఇచ్చి వచ్చాను. వైరు పీకానేమోనని నెలంతా హడలిపోయాను, అది నేను చెయ్యలేదు. ఇది మాత్రం చేశాను, తెలిసే చేశాను. ఆ భయం ఇంట్లో అందరికీ పంచిపెట్టాను, ఈ భయం నా ఒక్కదానికే మిగిలింది. వాళ్ళందరూ నవ్వుతుంటే మధ్యలో కూర్చుని నేనూ నవ్వాను.

చెబితే రాజ్యశ్రీ మళ్ళీ సెలవు అంటుంది. చెప్పకపోతే, ఒకరోజు పిల్లలెవరో నా చేతిలోంచి ఏదో లాక్కోవాల్సి వస్తుంది, నేనూ అక్కయ్యలా "నేనేం చేశానే" అని అడగాల్సి వస్తుంది. ముందుగా చెబితే కనీసం బేరమాడొచ్చు. సెలవు వద్దు, ఆ డాక్టరు దగ్గరికి మళ్ళీ తీసుకెళ్ళు, ఈసారి కాగితం బోర్లించి పెట్టమను అని. ఎదురుగా నిలబడి ఈ మాట అనే ధైర్యం నాకు లేదు. నా నోరు పెద్దదని అందరూ అనుకుంటారు గానీ, అది ఎదుటివాళ్ళ తప్పులకే పనికొస్తుంది.

నాలుగున్నరయింది. స్కూటీ చప్పుడు వీధి మలుపులో వినిపిస్తోంది. ఈ కవరు నేను అంటించడం లేదు. రాజ్యశ్రీ చేతికిచ్చి, చదివి పోస్టు చెయ్యమంటాను. ఎవరి ఉత్తరమూ ఎవరికీ తెరిచి ఇవ్వకూడదని కొత్తవాళ్ళకి పాఠం చెప్పినదాన్ని, నాది నేనే తెరిచి ఇస్తున్నాను. ఇది నీకు చేరిందంటే ఆమె చదివిందనే.

నీ
భారతీదేవి