శవం వేషం తర్వాతి నవ్వు

రూతూ,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లి రేపటికి ఏడాది. సంఘం వాళ్లు ప్రార్థనకు కృష్ణానగర్‌లోని మన గదికి వస్తామన్నారు. సరేనన్నాను గానీ, నువ్వు పోయాక నాకు "ప్రభువా" అన్న తర్వాత ఇంకో మాట రావడం లేదు.

ఈరోజు ఫిల్మ్‌నగర్‌లో ఒక బంగళాలో షూటింగ్. నాకు మళ్లీ శవం వేషమే ఇచ్చారు. ముక్కులో దూది, మెడలో దండ. శవంగా పడుకున్నవాణ్ణి షాట్ అయ్యాక కెమెరాకేసి నవ్వమంటారు కదా, కీడు జరగకూడదని. "ప్రభువు ఉండగా మనకు కీడేంటండీ" అని మొదట్లో నా మీద కస్సుమనేదానివి. తర్వాత నువ్వే ఫోన్ చేసి "నవ్వారా?" అని అడగడం మొదలుపెట్టావు. ఇదేంటే అంటే, "కీడు కోసం కాదు. ప్రభువు మళ్లీ వచ్చే ఆ రోజున సమాధుల్లోంచి మనం లేచేది అలాగే కదా, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి" అన్నావు.

ఈరోజు షాట్ అయినా నాకు నవ్వు రాలేదు. కళ్లు మూసుకుని అలాగే పడుకున్నాను. అసిస్టెంట్ డైరెక్టర్ కంగారుపడి వచ్చి, "కాకా, జర నవ్వరాదే. కెమెరా నీ కోసమే ఆగింది" అన్నాడు.

"నవ్వారా?" అని నువ్వు అడిగినట్టే అనిపించింది. దూది పీకేసి, లేచి కూర్చుని నవ్వాను. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వేశారు.

ఈ ఏడాదిలో నేను చేయగలిగిన ప్రార్థన అదొక్కటే.

ఆ రోజున నువ్వు లేవగానే ముందు ప్రభువుకేసి నవ్వు. తర్వాత పక్కకు తిరిగి నాకేసి చూడు.