మెరిసే పంపు

తమ్ముడూ,

ఇక్కడ అందరం క్షేమం. అందులో నీ గొప్పేమీ లేదు.

నాన్న కారుకి నువ్వు బిగించిన పెట్రోలు పంపును ఇవాళ మెకానిక్ చేత పీకించేశాను. అది కొత్త కార్లకు పెట్టేదట. నాన్న కారులో కార్బురేటరుకి పెట్రోలు మెల్లగా అందితే చాలు. ఇది తోసిన జోరుకి పెట్రోలు పొంగిపోయి, కాలుతున్న ఇంజను మీదికి కారింది. అప్పుడు వెనక సీట్లో అమ్మ ఉంది. కంపు కొడుతోందని నీకు ఫోన్ చేస్తే, "పాత బండి కదక్కా, ఆ మాత్రం ఉంటుందిలే" అన్నావు. ఆ మాట తలుచుకుంటేనే రోత పుడుతోంది.

పాత పంపులో చిరిగింది లోపలి రబ్బరు పొర ఒక్కటే. అది మారిస్తే చాలని మెకానిక్ మొత్తుకున్నా, బానెట్ ఎత్తితే మెరవాలని నువ్వు దీన్నే ఎంచావట. నిప్పంటుకుని ఉంటే ఇంకా బాగా మెరిసేది.

ఆ పొర దొరికేదాకా కారు కదలదు కాబట్టి, ఆదివారం నీ పాత కార్ల ప్రదర్శనకి అమ్మను నా స్కూటర్ మీద తీసుకొస్తాను. నీ పంపును తనే ఒళ్లో పెట్టుకుని తెస్తానంటోంది.

"మనం ఎలా వచ్చినా వాడు చూసేది దీన్నే కదే" అంది.

అక్క